అక్షరం ఎత్తు 0.918

ఏ కిరాణా కొట్టులోనో, కలప డిపోలోనో ఇచ్చిన బిల్లు పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకోండి. షాపు పేరు, చిరునామా, గళ్ల గీతలు అన్నీ నున్నగా ఉంటాయి. పైన మూలలో ఉన్న బిల్లు నంబరు మీద మాత్రం వేలితో తడిమితే చాలాసార్లు చిన్న గుంట తగులుతుంది. కాగితం తిప్పి చూస్తే వెనకవైపు అంకెలు ఉబ్బి కనిపిస్తాయి. భూతద్దం పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. అంకె మధ్యలో కన్నా దాని అంచు వెంబడి ఇంకు చిక్కగా ఉంటుంది.

మిగతా బిల్లంతా ఆఫ్‌సెట్ మీద అచ్చయింది. ఆ నంబరు ఒక్కటి లెటర్‌ప్రెస్ మీద పడింది. అంచుకు చేరిన ఆ చిక్కటి ఇంకే దానికి గుర్తు. గట్టి లోహం కాగితాన్ని నొక్కినప్పుడు ఇంకు మధ్యలోంచి పక్కలకు నెట్టుకుపోతుంది. అనుమానం ఉన్న పత్రాలను పరీక్షించే నిపుణులు కూడా ఈ అంచునే వెతుకుతారు.

ఆఫ్‌సెట్టూ కంప్యూటరూ ఊరూరా వచ్చాక కూడా ఈ పాత పద్ధతి బిల్లు మూలలో ఎందుకు మిగిలింది? జవాబు కావాలంటే ట్రెడిల్ మెషిన్ ఉన్న చిన్న ప్రెస్సులోకి ఒకసారి వెళ్లి, అక్కడి వస్తువులు ఎందుకలా ఉన్నాయో చూడాలి. ఇప్పుడు అలాంటి షాపు పెట్టుకోవాలని ఉబలాటపడే కుర్రవాళ్లకూ ఆ చూపు పనికొస్తుంది.

షాపంతా ఒక్క కొలత

లెటర్‌ప్రెస్ సూత్రం చిన్నది. ఉబ్బెత్తు అక్షరానికి ఇంకు పూసి, కాగితం ఆనించి నొక్కాలి. పల్లంలో ఉన్న భాగానికి ఇంకు అంటదు కాబట్టి అక్కడ అచ్చు పడదు. చిక్కంతా అక్షరాలు విడివిడి లోహపు ముక్కలు కావడంలో ఉంది. ఒక శుభలేఖకే మూడు నాలుగు వందల ముక్కలు కావాలి. వాటన్నిటి తలలూ ఒకే మట్టంలో లేకపోతే పొడుగుది కాగితాన్ని పొడుస్తుంది, పొట్టిదానికి ఇంకే అందదు.

ఆ మట్టం 0.918 అంగుళం, అంటే 23.3 మిల్లీమీటర్లు. బ్రిటన్‌లో, అమెరికాలో స్థిరపడిన కొలత ఇది. మన ప్రెస్సులకు బ్రిటిషు వాళ్ల ద్వారా వచ్చింది. యూరప్ ఖండంలో ఎక్కువగా వాడిన డిడో లెక్క ప్రకారం టైపు ఎత్తు 23.56 మిల్లీమీటర్లు. తేడా పావు మిల్లీమీటరే అయినా ఆ రెండు టైపుల్నీ ఒకే పేజీలో కలిపి అచ్చు వేయడం కుదరదు. జిరాక్స్ కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు. అందులో సగం మేర అరిగిన అక్షరం కూడా పక్కవాటి మధ్య వెలవెలబోయి కనిపిస్తుంది.

అందుకే షాపులోని ప్రతిదీ ఈ ఎత్తుకు లోబడి ఉంటుంది. టైపూ, ఇత్తడి గీతలూ, ఫొటో బ్లాకును మేకులు కొట్టి నిలబెట్టిన చెక్క దిమ్మా 0.918 దగ్గరికి రావాల్సిందే. రోలర్లు ఏ మట్టంలో దొర్లాలో, కాగితం ఎంత దూరం వచ్చి ఆగాలో తేల్చేదీ అదే. లెటర్‌ప్రెస్ షాపు నడపడమంటే రోజంతా ఈ ఒక్క అంకెను కాపాడుకోవడమని నేనంటాను. మిగతా విద్యలన్నీ దాని వెనకే వస్తాయి.

సీసం ఒక్కటే ఎందుకు చాలదు

టైపును అందరూ సీసం అంటారు. నిజానికి అది మూడు లోహాల మిశ్రమం. ఒట్టి సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, పోత పోయడం సులువు. కానీ గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. అలాంటి అక్షరం కొన్ని వందల కాపీలకే నలిగిపోతుంది. దానికి ఆంటిమొనీ కలిపితే గట్టితనం వస్తుంది. తగరం కలిపితే కరిగిన లోహం పలచగా పారి, అచ్చులోని సన్నటి మూలల్లోకి కూడా చేరుతుంది. చల్లారాక పెళుసుబారి విరిగే గుణమూ తగ్గుతుంది.

ఇక్కడ ఒక వింత ఉంది. ఆంటిమొనీ ఒక్కదాన్నే కరిగించాలంటే 630 డిగ్రీలు కావాలి. దాన్ని సీసంలో కలిపితే మిశ్రమం కరిగే వేడి పెరగాలి కదా? కానీ ఒక మోతాదు వరకూ అది తగ్గుతుంది. ఒక్కో లోహంలోని పరమాణువులు తమదైన వరసలో పేరుకుని గడ్డకట్టాలని చూస్తాయి. పరాయి పరమాణువులు మధ్యలో చేరితే ఏ వరసా కుదురుకోదు, ఇంకా చల్లబడితే తప్ప గడ్డకట్టడం మొదలవదు. లైనోటైపు యంత్రాల్లో వాడిన మిశ్రమంలో సుమారు 84 శాతం సీసం, 12 శాతం ఆంటిమొనీ, 4 శాతం తగరం. అది 240 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పైగా ముద్దగా నానకుండా దాదాపు ఒక్క క్షణంలో గట్టిపడుతుంది. నిమిషానికి అన్నేసి పంక్తులు పోత పోసే యంత్రానికి కావలసింది ఆ గుణమే.

చేత్తో కూర్చే టైపు పదేపదే వాడాలి కాబట్టి టైపు పోసే ఫౌండ్రీలు ఇంకా గట్టి మిశ్రమం వాడేవి. అందులో ఆంటిమొనీ నాలుగో వంతు దాకా ఉండొచ్చు. ఈ మిశ్రమాలు చల్లారేటప్పుడు కుంచించుకుపోయేది చాలా తక్కువ. అక్షరం అంచు పదునుగా దిగడానికీ, ఎత్తు చెడకుండా ఉండడానికీ అదే కారణం.

బాక్సు: సెరాంపూర్‌లో కాలిందేమిటి, మిగిలిందేమిటి

1812 మార్చి 11న కలకత్తా దగ్గర సెరాంపూర్ మిషన్ ప్రెస్సు తగలబడింది. మిషనరీ విలియం కేరీ బృందం ఎన్నో భారతీయ భాషలకు టైపులు పోయించిన చోటు అది. టైపులు కరిగి ముద్దలయ్యాయి. కాగితం నిల్వలతో పాటు కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా బూడిదైంది. అయితే బూడిద తోడి చూస్తే పంచులు, మాతృకలు చెక్కుచెదరకుండా దొరికాయి.

టైపు తయారయ్యే వరస చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. ముందు ఉక్కు కడ్డీ చివర అక్షరాన్ని చెక్కుతారు, అది పంచు. దాన్ని రాగి ముక్క మీద కొడితే అక్షరం గుంటగా దిగుతుంది, అది మాతృక. ఆ గుంటలోకి కరిగిన లోహం పోస్తే టైపు. రాగి కరగాలంటే 1,085 డిగ్రీలు కావాలి, ఉక్కుకు 1,400 దాటాలి. సీసపు టైపుకు 300 చుట్టుపక్కల చాలు. ఇల్లు కాలిన మంటలో అన్నిటికన్నా ముందు పోయేది టైపే. అదే లోహపు ముద్దల్ని మళ్లీ కరిగించి, అవే మాతృకల్లో పోసి, కొన్ని వారాల్లోనే అచ్చు పని మళ్లీ మొదలుపెట్టారు. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో వెలువడింది.

తెలుగు కేసు బరువు

టైపు ముక్కల్ని ఏ అక్షరానికా అక్షరం విడిగా ఉంచే గళ్ల అరను కేసు అంటారు. ఇంగ్లీషు చిన్న ప్రెస్సుల్లో బాగా వాడిన కాలిఫోర్నియా కేసులో 89 గళ్లు. ఒక మనిషి నిలబడ్డ చోటునుంచి కదలకుండా అన్నిటినీ అందుకోవచ్చు. తెలుగుకు ఆ సుఖం లేదు. ముప్ఫై అయిదు హల్లులకు పన్నెండేసి గుణింతాలు వేసుకున్నా నాలుగు వందలు దాటుతుంది. అచ్చులు, వత్తులు, అంకెలు, విరామ చిహ్నాలు ఇంకా మిగిలే ఉన్నాయి. కొన్ని గుర్తుల్ని విడి ముక్కలుగా పోసి ఫౌండ్రీలు ఈ సంఖ్యను కాస్త తగ్గించాయి. అయినా అక్షరాలు కూర్చే తెలుగు కంపోజిటర్ ముందు ఒకటికి నాలుగు కేసులు తెరిచి ఉండాల్సిందే.

వత్తులతో ఇంకో ఇబ్బంది. లోహపు ముక్క దీర్ఘచతురస్రం. అక్షరం దాని హద్దు దాటి కిందికి దిగలేదు. అందుకే పాత పుస్తకాల్లో చాలా వత్తులు అక్షరం అడుగున కాక కుడి పక్కకు జరిగి, కిందుగా కూర్చుని కనిపిస్తాయి. పైన గుడికీ తలకట్టుకూ చోటు, కింద వత్తుకు చోటు వదలాలి కాబట్టి అసలు అక్షరానికి మిగిలేది మధ్యభాగమే. పన్నెండు పాయింట్ల తెలుగు టైపు పన్నెండు పాయింట్ల ఇంగ్లీషు టైపు పక్కన చిన్నగా కనిపించేది ఇందుకే. అంత సైజు కనబడాలంటే పెద్ద టైపు వాడాలి. అప్పుడు పేజీలో పంక్తులు తగ్గుతాయి, పుస్తకం లావెక్కుతుంది, కాగితం ఖర్చు పెరుగుతుంది.

బరువు కూడా లెక్కేసుకోండి. పది సెంటీమీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల పొడవున్న ఒక పేజీ టైపు అంతా లోహమే అయితే మూడు కిలోలు దాటుతుంది. ఖాళీల్లోనూ లోహమే ఉంటుంది, కాకపోతే తల తక్కువగా. పదహారు పేజీలు ఒకేసారి కూర్చి ఉంచాలంటే యాభై కిలోల టైపు కదలకుండా పడి ఉండాలి. చిన్న ప్రెస్సు అంత టైపు కొనలేదు. అందుకే కొన్ని పేజీలు కూర్చడం, అచ్చు వేయడం, అక్షరాల్ని మళ్లీ ఏ గడివి ఆ గడిలో వేయడం, తర్వాతి పేజీలకు దిగడం. రచయిత ప్రూఫు పంపడం ఆలస్యం చేస్తే పని మొత్తం ఆగిపోయేది. ఎందుకంటే ఆ పేజీలో చిక్కుకున్న 'డు'లూ 'ను'లూ తర్వాతి పేజీకి కావాలి. కేసులో ఇంకా కిలోల కొద్దీ టైపు ఉన్నా, అయిపోయిన ఒక్క అక్షరం కోసం కంపోజిటర్ చేతులు కట్టుకు కూర్చోవాల్సిందే.

ప్రెస్సు దగ్గర ఉండడం ఎంత ముఖ్యమో కందుకూరి వీరేశలింగానికి తెలుసు. 1874లో మొదలైన ఆయన పత్రిక వివేకవర్ధని తొలుత చెన్నపట్నంలో అచ్చయ్యేది. ప్రూఫులు అక్కడికీ ఇక్కడికీ తిరిగే ఆ కాలం ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. తర్వాత ఆయన సొంత ఊరు రాజమహేంద్రవరంలోనే ముద్రాక్షరశాల పెట్టుకున్నారు.

అడుగు లేని పేజీ ఎలా నిలుస్తుంది

కూర్చిన టైపును ఇనుప చట్రంలో బిగిస్తారు. దాన్ని చేజు అంటారు. టైపు చుట్టూ చెక్క లేదా లోహపు బద్దలు పేర్చి, ఒక పక్కనా కింది వైపునా క్వాయిన్లు అనే బిగింపు సాధనాలు పెట్టి తాళంచెవితో తిప్పుతారు. ఇలా బిగిసిన దాన్ని ఫారం అంటారు. ట్రెడిల్ మెషిన్లో ఈ ఫారం నిలువుగా నిలబడుతుంది. అడుగున పలక ఏమీ లేదు, జిగురు లేదు. అయినా వందల ముక్కల్లో ఒక్కటీ జారిపడదు.

బీరువాలో వరసగా ఉన్న పుస్తకాల్ని రెండు చివర్లా అరచేతులతో నొక్కి ఒక్కసారిగా బయటికి తీయగలం కదా. మధ్య పుస్తకాన్ని ఎవరూ పట్టుకోలేదు, పక్క పుస్తకాల రాపిడే దాన్ని మోస్తుంది. ఫారంలో జరిగేదీ అదే. క్వాయిను లోపల వాలు ముఖాలున్న చీలలు ఉంటాయి. తాళం చాలా తిరిగితే చీల కొంచెమే జరుగుతుంది, కాబట్టి చేతి బలం ఎన్నో రెట్లై పక్క ఒత్తిడిగా మారుతుంది.

ఈ పద్ధతి పనిచేయాలంటే ప్రతి పంక్తీ సరిగ్గా ఒకే పొడవుండాలి. ఒక పంక్తి వెంట్రుక వాసి తక్కువైతే పక్కనున్న నిండు పంక్తులే ఒత్తిడి మోస్తాయి. పొట్టి పంక్తిలో అక్షరాలు వదులై, రోలరు జిగటకు అంటుకుని పైకి లేస్తాయి. లేచిన అక్షరం కాగితాన్ని చింపుతుంది, పక్క అక్షరాన్ని విరుస్తుంది. కంపోజిటర్ పంక్తి కూర్చే స్టిక్ పట్టుకుని మాటల మధ్య సన్నటి స్పేసులు మారుస్తూ కుస్తీ పడేది అందం కోసం మాత్రమే అనుకుంటారు. మెషిన్ మీద పేజీ నిలవడం దాని మీదే ఆధారపడి ఉంది. చెక్క బద్దలు వాడే షాపుల్లో వానాకాలం వస్తే ఇంకో తలనొప్పి. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. రాత్రి బిగించిన ఫారాన్ని పొద్దున మెషిన్ ఎక్కించే ముందు మళ్లీ తాళం వేసి చూడడం అందుకే.

తొక్కేది కాలు, నొక్కేది చక్రం

ట్రెడిల్ మెషిన్లో రెండు ఇనుప పలకలుంటాయి. ఒకదాని మీద ఫారం, ఇంకోదాని మీద కాగితం. రెండోదాన్ని ప్లాటెన్ అంటారు. కాలితో తొక్కితే అవి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. తెరుచుకున్నప్పుడు రోలర్లు కిందికి దిగి అక్షరాలకు ఇంకు పూస్తాయి. ఆ రెండు మూడు క్షణాల్లోనే మనిషి అచ్చయిన కాగితం ఒక చేత్తో తీసి, కొత్తది ఇంకో చేత్తో పెట్టాలి. అమెరికాలో జార్జ్ ఫినియాస్ గోర్డన్ 19వ శతాబ్దం మధ్యలో రూపొందించిన నమూనా ఇది. దాని వారసులు ప్రపంచమంతా పాకాయి.

కాలి బలంతో అంత గాఢంగా ముద్ర ఎలా పడుతుంది? రెండు ఏర్పాట్లు కలిసి పనిచేస్తాయి. మొదటిది పక్కనున్న బరువైన చక్రం. కాలు ప్రతి చుట్టులోనూ కొద్ది కొద్దిగా శక్తి ఇస్తూ ఉంటుంది, చక్రం దాన్ని వేగం రూపంలో దాచుకుంటుంది. ఆ నిల్వలో కొంత ముద్ర పడే ఆ చిన్న క్షణంలో ఖర్చవుతుంది. రెండోది క్రాంకు. పలకలు పూర్తిగా దగ్గరయ్యే వేళకు చక్రం ఎంత తిరిగినా పలక జరిగేది అతి కొద్ది. కదలిక తగ్గిన కొద్దీ బలం పెరుగుతుంది.

అయినా ఆ బలానికి హద్దుంది, అది ఫారం మీదున్న వైశాల్యానికి పంపకమవుతుంది. నాలుగు పంక్తుల విజిటింగ్ కార్డుకు మెషిన్ అలవోకగా చాలుతుంది. అదే చేజు నిండా గట్టి నల్లటి బ్లాకు పెడితే చాలదు. అచ్చు పలచబడిందని బలం పెంచుతూ పోతే పోత ఇనుము వంగదు, పుటుక్కున విరుగుతుంది. ఎన్నో పాత మెషిన్ల చావు ఇలాగే వచ్చింది.

చేతులు పోయే ప్రమాదమూ ఇక్కడే ఉంది. చక్రంలో నిలవ ఉన్న శక్తి కాలు తీసేసినా వెంటనే ఆగదు. కాగితం వంకరగా పడితే సర్దడానికి చెయ్యి పెట్టకూడదు. పక్కనున్న లివర్ లాగితే పలకలు దగ్గరైనా ముద్ర పడేంత దగ్గరకు రావు. అది లాగి, ఆ కాపీ వదిలేయాలి.

ఇంకు ఆరడం లేదు, మారుతోంది

అచ్చు ఇంకు నీళ్లలాంటిది కాదు. లోహం మీద నీటి ఇంకు పూస్తే బొట్లు బొట్లుగా ముడుచుకుంటుంది. నూనె పరుచుకుంటుంది. అందుకే పాతకాలం నుంచీ ఉడికించిన అవిసె నూనెలో దీపపు మసి కలిపి నూరేవారు. అది తేనె కన్నా జిగటగా ఉండి అక్షరం తల మీద నిలుస్తుంది, లోపలి పల్లాల్లోకి కారదు.

తడి బట్ట ఆరినప్పుడు నీరు ఆవిరైపోతుంది. అవిసె నూనెలో ఆవిరయ్యేది ఏమీ లేదు. దాని అణువుల్లో గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకునే చోట్లు ఉంటాయి. ఆక్సిజన్ చేరినకొద్దీ అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా తయారై గట్టిపడతాయి. ఆ పని త్వరపడడానికి కోబాల్ట్ వంటి లోహాల లవణాలు కలుపుతారు. ఇప్పుడే అచ్చయిన కార్డుల్ని ఎత్తుగా పేర్చకూడదనేది ఇందుకే. అడుగున గాలి ఆడదు, ఇంకు పచ్చిగానే ఉండి పై కార్డు వెనక మరకవుతుంది.

అదే రసాయన చర్య షాపుకు నిప్పు కూడా పెట్టగలదు. ఆక్సిజన్ చేరేటప్పుడు వేడి పుడుతుంది. పల్చగా ఉన్న ఇంకు పొరలో అది గాలికి పోతుంది. నూనె పీల్చిన గుడ్డలు ఉండలు చుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక లోపలే పెరుగుతుంది. అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటాయి. ఆ గుడ్డల్ని మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయడం చాదస్తం కాదు.

రోలర్లది వేరే కథ. మొదట్లో వాటిని జంతువుల జిగురూ చెరకు మడ్డీ, తర్వాత గ్లిజరినూ కలిపి పోత పోసేవారు. ఇంకు పట్టడంలో అంత మంచి పదార్థం ఇంకోటి లేదు. కానీ అది ఒక రకం జెల్లీ. ఎండకు మెత్తబడుతుంది, తేమకు ఉబ్బుతుంది. చలిదేశాల్లోనే ఎండాకాలానికొక పాళ్లు, చలికాలానికొక పాళ్లు వాడేవారు. మన మే నెలలో దాని గతి చెప్పక్కర్లేదు. రబ్బరు రోలర్లు వచ్చాక ఆ బాధ తీరింది. రోలరు రెండు చివర్లా పట్టాల మీద దొర్లే చిన్న చక్రాలుంటాయి. రోలరూ ఆ చక్రాలూ ఒకే వ్యాసం ఉండాలి. రోలరు లావైతే దొర్లాల్సిన చోట జారి, అక్షరం పక్కల్ని ఇంకుతో తుడుస్తుంది. అప్పుడు ప్రతి అక్షరానికీ నల్లటి మీసం మొలుస్తుంది.

రెండు గంటల పని, ఆరు నిమిషాల అచ్చు

ఫారం మెషిన్ ఎక్కగానే మంచి కాపీ రాదు. మొదటి కాపీలో ఒక మూల నల్లగా, ఒక మూల తెల్లగా, మధ్యలో రెండు అక్షరాలు మాయమై ఉంటాయి. అప్పుడు మొదలయ్యేది మేక్‌రెడీ. కాగితం వెనక ప్లాటెన్ మీద కొన్ని కాగితాల పొర ఉంటుంది, అది ప్యాకింగు. తేలిగ్గా పడిన చోట ఆ పొరలో పల్చటి టిష్యూ కాగితం ముక్క అతికిస్తారు. అలాంటి టిష్యూ మందం మిల్లీమీటరులో నలభయ్యో వంతు. ఒక ముక్క చాలకపోతే దాని మీద ఇంకా చిన్న ముక్క. అరిగిన టైపు అడుగునా అలాగే. 0.918కి దూరమైన ప్రతి అక్షరాన్నీ టిష్యూ ముక్కలతో తిరిగి దాని మట్టానికి తెస్తారన్నమాట.

షాపు లాభనష్టాలు ఇక్కడే తేలతాయి. మొదటి మంచి కాపీ రావడానికి రెండు గంటలు పట్టిందనీ, ఆ తర్వాత గంటకు వెయ్యి కాపీలు పడతాయనీ అనుకుందాం. నూరు కార్డులకు పట్టే కాలం రెండు గంటల ఆరు నిమిషాలు. వెయ్యి కార్డులకు మూడు గంటలు. నూరు వేయించుకున్నవాడి ఒక్కో కార్డు మీద ఏడు రెట్లు ఎక్కువ కాలం ఖర్చయింది. కాగితం ధర చూసి రేటు చెప్పే కొత్తవాడు మూణ్ణెల్లలో షట్టరు దించుకుంటాడు. రెండో రంగు ఉంటే మెషిన్ కడగడం, మళ్లీ సమం చేయడం మొదటికొస్తాయి. రెండు రంగులకూ మధ్య కాగితం తేమ పీల్చి సాగితే రెండోది మొదటిదాని మీద కూర్చోదు. కాగితపు పీచు నిడివిలో కన్నా అడ్డంలో ఎక్కువ ఉబ్బుతుంది, అందుకే రంగు ఒకే వైపుకు తప్పుతూ పోతుంది.

వెనకటి మెషిన్‌మన్‌కు గర్వకారణం కాగితం వెనక గుంట తెలియకపోవడం. అక్షరం కాగితాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. గుంట పడితే టైపు అరుగుతుంది, తిట్లు పడతాయి. ఇప్పుడు ఖరీదైన శుభలేఖల కోసం వచ్చేవాళ్లు ఆ గుంటనే కోరుతున్నారు. దూది పీచుతో చేసిన మందపాటి మెత్తని కాగితం మీద అది అందంగానే ఉంటుంది, కాదనను. కానీ దొరకని పాత తెలుగు టైపును ఆ సరదా కోసం నలగ్గొట్టడం నాకు నచ్చదు. ఆ పనికి పాలిమర్ ప్లేట్లు ఉన్నాయి.

బాక్సు: నంబరు తనంతట తానే ఎలా మారుతుంది

బిల్లు నంబరు వేసేది అగ్గిపెట్టెకన్నా చిన్న యంత్రం. ఫారంలో టైపుతో పాటు దాన్నీ బిగిస్తారు. అంకెలున్న చక్రాల తలలు 0.918 ఎత్తులో ఉంటాయి, పక్కన ఒక మీట అంతకన్నా కాస్త ఎత్తుగా లేచి ఉంటుంది. ప్లాటెన్ మూసుకున్నప్పుడు ముందు ఆ మీట నొక్కుకుపోతుంది, తర్వాత అంకె అచ్చవుతుంది. ప్లాటెన్ వెనక్కి వెళ్లగానే స్ప్రింగు మీటను పైకి తోస్తుంది. ఆ కదలికతో పళ్ల చక్రం ఒక్క పన్ను జరుగుతుంది. తొమ్మిది దాటితే పక్క చక్రాన్నీ లాక్కెళుతుంది. కరెంటు అక్కర్లేదు, నొక్కుడే దాన్ని నడిపిస్తుంది. కొన్నిటిలో అంకెలు వెనక్కి దిగుతాయి. చివరి నంబరుతో మొదలుపెడితే పని ముగిసేసరికి కట్ట పైన ఒకటో నంబరు ఉంటుంది.

మామూలు ఆఫ్‌సెట్ ప్లేటు ప్రతి కాగితం మీదా ఒకే బొమ్మ వేస్తుంది, అందులో అంకె మారదు. అందుకే ఆఫ్‌సెట్ బిల్లులు నంబరు కోసం పాత మెషిన్ దగ్గరికి వస్తాయి. ఆ మెషిన్‌కే దక్కే ఇతర పనులూ ఉన్నాయి. చింపుకోవడానికి చిల్లుల గీత, మడత గీత, శుభలేఖల్ని ఆకారంగా కోసే డై. కోత బ్లేడు ఎత్తు సాధారణంగా 0.937 అంగుళం, టైపు కన్నా అర మిల్లీమీటరు ఎక్కువ. కాగితాన్ని దాటి వెళ్లేంత అన్నమాట. 'విండ్‌మిల్' అని పిలిచే హైడెల్‌బర్గ్ మెషిన్లు ఇప్పటికీ ఎన్నో ఊళ్లలో ఈ పనుల మీదే బతుకుతున్నాయి.

ఇప్పుడు పెట్టాలంటే

స్థలం ముందు చూసుకోవాలి. చిన్న ట్రెడిల్ కూడా సుమారు అర టన్ను తూగుతుంది, ఆ బరువంతా చిన్న పాదాల మీద పడుతుంది. నేల అంతస్తు, కాంక్రీటు గచ్చు తప్ప వేరే ఆలోచన వద్దు.

ఊళ్లో తెలుగు టైపు దొరక్కపోతే నిరాశ పడక్కర్లేదు. కంప్యూటర్ మీద కూర్చిన పేజీని నెగెటివ్‌గా తీసి, పాలిమర్ ప్లేటు మీద పెట్టి అతినీలలోహిత కాంతి పడనిస్తారు. వెలుగు తగిలిన చోట పాలిమర్ గట్టిపడుతుంది, తగలని చోట మెత్తగా ఉండి నీళ్లతో రుద్దితే పోతుంది. అక్షరాలు ఉబ్బెత్తుగా మిగులుతాయి. ప్లేటు మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు అనుకుంటే, దాని కింద పెట్టే అల్యూమినియం దిమ్మను రెండూ కలిసి 0.918 అయ్యేలా తయారుచేస్తారు. వత్తులు వాటి చోట అవే కూర్చుంటాయి. 'డు'లు అయిపోవడమన్న మాటే ఉండదు.

పాత టైపే కావాలనుకునేవాళ్లు కొనే ముందు ముక్కల్ని వెలుగులో చూడాలి. తెల్లటి పొడి పట్టి ఉంటే వదిలేయండి. కేసు చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి తేమతో కలిసి సీసాన్ని తినేసిందని అర్థం. ఆ పొడి విషం. మంచి టైపుతో పనిచేసినా సీసం చేతులకు అంటుతుంది. చర్మంలోంచి లోపలికి వెళ్లేది చాలా తక్కువ, నోటిలోంచి వెళ్లేదే అసలు ముప్పు. కేసుల దుమ్మును నోటితో ఊదడం, టైపు పట్టుకున్న చేత్తో టీ గ్లాసు అందుకోవడం, పిల్లల్ని కేసుల దగ్గర ఆడుకోనివ్వడం ఈ మూడూ మానాలి. అరిగిన టైపును ఇంట్లో కరిగించే ప్రయోగం అసలే వద్దు.

చట్టం సంగతి. 1867 నాటి ప్రెస్ చట్టం స్థానంలో 2023 చట్టం వచ్చి 2024 మార్చి 1 నుంచి అమలవుతోంది. పత్రికలు అచ్చు వేసేవాళ్లు సమాచారం ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. శుభలేఖలు, బిల్లులతో సరిపెట్టుకునేవాళ్లకు దానితో పని తక్కువ. ఎన్నికల కరపత్రం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ముద్రాపకుడి పేరూ ప్రచురణకర్త పేరూ చిరునామాలతో సహా దాని మీద ఉండాలి. వేయించుకునేవాడి దగ్గర ఇద్దరు సాక్షుల సంతకాలతో వాంగ్మూలం తీసుకోవాలి. ఇది ప్రజాప్రాతినిధ్య చట్టంలోని నిబంధన, తప్పితే జైలు దాకా వెళుతుంది.

ఇక మెషిన్ ఎంచుకోవడం. రంగు చూడొద్దు, చప్పుడు చూడొద్దు. చక్రం చేత్తో తిప్పి, పోత ఇనుము చేతుల మీద అతుకులేమైనా ఉన్నాయేమో తడిమి చూడండి. తర్వాత నాలుగు కొత్త టైపులు జేబులో వేసుకెళ్లి, ఒకే అక్షరాన్ని చేజు నాలుగు మూలల్లో బిగించమనండి. తెల్ల కాగితం మీద ఒక ముద్ర తీసి, వెనక్కి తిప్పి, కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకోండి. నాలుగు గుంటలూ ఒకే లోతుండాలి. తేడా ఉంటే ప్లాటెన్ వెనక బోల్టులు సవరించి మళ్లీ తీయమనండి. ఎన్ని సవరించినా ఒక మూల పడకుండా ఉండిపోతే ప్లాటెనో బెడ్డో వంకరపోయిందన్నమాట. అమ్మేవాడు ధర సగానికి దించినా ఆ మెషిన్ని అక్కడే వదిలేసి రండి.